అంగట్లో కసురుకుంటే ఏం చేయాల: మెట్టు మెట్టుగా

రెండేళ్ళ కిందట ఉగాదికి ముందు కడప వైవీ స్ట్రీట్‌లో ఒక అంగట్లో మా అమ్మకు చీర తీసినాము, 3,400 రూపాయలు. ఆకుపచ్చ చీర, మెరూన్ అంచు. ఇంటికొచ్చి మడత విప్పితే పైటకొంగుకు జానెడు దూరంలో జరీ పోగులు లేచిపోయి చిటికెన వేలు దూరేంత చీలిక ఉంది. మరుసటి రోజు సాయంత్రం అమ్మను తోడుకొని పోయినాను. కౌంటర్లో ఉన్నాయన తల కూడా ఎత్తలేదు, లెక్క రాసుకుంటానే "ఒకసారి అమ్మినాక మాకు సంబంధం లేదు, బిల్లు మీద రాసుంది కదా, చదువు రాదా" అన్నాడు, అది కూడా మా అమ్మ మొహం చూసి.

మా అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. ఆ మాటకు ఆమె మొహం ఎట్ల అయిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను అరిచినాను. ఇరవై నిమిషాలు "చదువు రాదా అని ఎట్ల అంటావు" అనే దాని మీదనే కొట్లాడినాను, పండగ రద్దీ కాబట్టి అంగడంతా మమ్మల్నే చూస్తాంది, అమ్మ నా మోచెయ్యి పట్టుకొని "పోదాం పద నాయనా" అని గుంజుతాంది. అదే చిరిగిన చీరతో ఇంటికి వచ్చినాము. చీర గురించి నేను రెండు మాటలు కూడా మాట్లాడలేదని రాత్రి పడుకున్నాక తెలిసింది.

రెండు రోజులు ఆగి మళ్ళీ పోయినాను, ఈసారి ఒక్కన్నే, పొద్దున పదకొండుకు, బిల్లు, చీర, ఫోన్లో ఫోటోలు పెట్టుకొని. నేరుగా ఓనర్ దగ్గరికి పోయి నెమ్మదిగా చెప్పినాను. పది నిమిషాల్లో చీర మార్చిచ్చినాడు. అంగడి అదే, చీర అదే, బిల్లు అదే. ఆ రెండు సార్లకు మధ్య ఏం మారిందో, ఆ తర్వాత నేను అడిగి తెలుసుకున్నవి ఏందో అన్నీ ఈడ రాస్తాండాను, మీకెవరికైనా పనికొస్తాయని.

1. గొడవ రాకముందే చేయాల్సింది

బిల్లు తీసుకోండి. ఇది అందరూ చెప్పేదే కానీ మన దగ్గర ఇంకా సగం మంది "బిల్లు లేకుంటే తగ్గిస్తాం" అంటే సరే అంటారు, ఆ తర్వాత సామాను పాడైతే ఆ అంగట్లో కొన్నట్టు రుజువే ఉండదు, అప్పుడు వాళ్ళు ఎట్లన్నా మాట్లాడొచ్చు. జీఎస్టీ ఉన్న అంగడి 200 రూపాయల పైన అమ్మితే బిల్లు ఇవ్వాల్సిందే, 200 లోపు అయినా మీరు అడిగితే ఇవ్వాల. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడాన్ని అన్యాయపు వ్యాపార పద్ధతుల కిందనే చేర్చినారు. తెల్ల చీటీ మీద పెన్సిల్‌తో అంకె రాసిచ్చేది బిల్లు కాదు, అంగడి పేరు, తేదీ, సామాను పేరు, రేటు ఉండాల. థర్మల్ పేపర్ బిల్లు కొన్ని నెలల్లో తెల్లగా అయిపోతుంది కాబట్టి అక్కడే ఫోటో తీసుకోండి.

రెండోది, దుడ్లు కట్టకముందు విప్పి చూడండి. చీరైతే మొత్తం, కొంగు నుంచి జాకెట్ ముక్క దాకా. మిక్సీ అయితే ప్లగ్గు పెట్టి తిప్పించండి. "ఇంత మందిలో ఎట్ల విప్పేది సార్" అంటే "ఒక్క నిమిషం అన్నా, ఇంటికి పోయి మళ్ళా వచ్చేది మీకూ ఇబ్బందే" అనండి, చానా మంది విప్పుతారు.

మూడోది టైము. మార్చుకునే పని ఉంటే పండగ ముందర, ఆదివారం సాయంత్రం పోవద్దు. పొద్దున పదకొండు ప్రాంతంలో బోణీ అయ్యుంటుంది, రద్దీ ఉండదు, ఓనర్ కూర్చోనుంటాడు. బోణీ కాకముందు పోయి వాపసు అడిగితే మన ఊర్లలో దాన్ని అపశకునంగా చూస్తారు, ఒప్పుకునే మనిషి కూడా కస్సుమంటాడు, ఇది నేను కళ్ళారా చూసినా.

2. ఎదుటి మనిషి ఎందుకు అట్ల మాట్లాడుతున్నాడో చూడండి

దీనికి ఒక్క నిమిషం చాలు కానీ చానా ముఖ్యం. బట్టల అంగళ్ళలో పనిచేసే పిల్లోళ్ళు, ఆడపిల్లలు పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటారు. నూరు చీరలు విప్పి నూరు మడతలు పెట్టి, చివరికి కస్టమర్ "మళ్ళా వస్తాం" అని పోతే ఆ మడతపెట్టే పని వాళ్ళదే. అంగట్లో కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో ప్రత్యేకంగా చట్టం మార్చాల్సి వచ్చిందంటే వాళ్ళ కాళ్ళ నొప్పి ఎట్లుంటుందో ఆలోచించండి. ఇట్లాంటి అలసట నుంచి వచ్చే విసుగు వేరు. "ఏమ్మా, పొద్దున్నుంచి నిలబడినట్టుండావే, నీళ్ళు తాగు, మేము ఈలోపల ఇవి చూస్తాం" అని ఒక మాట అంటే నూటికి డెబ్బై మంది మెత్తబడతారని నా నమ్మకం.

రెండో రకం ఓనర్ చెప్పినట్టు చేసేవాళ్ళు. వాపసు తీసుకుంటే వాళ్ళ జీతంలో కోస్తారని భయం, అందుకే ముందే గట్టిగా మాట్లాడి పంపించేస్తారు. వాళ్ళతో ఎంతసేపు వాదించినా లాభం లేదు, వాళ్ళ చేతిలో నిర్ణయం లేదు.

మూడో రకం మనిషిని చూసి మాట మార్చేవాళ్ళు. పంచె కట్టుకున్న పల్లెటూరాయన వస్తే "కొనేకి వచ్చినారా చూసేకి వచ్చినారా" అని, కారు దిగినాయన వస్తే "రండి సార్ కూర్చోండి కాఫీ తాగండి" అని. ఇది అలసట కాదు, చిన్నచూపు. దీన్ని నేను ఊరికే వదలమని చెప్పను. కానీ దీనికి కూడా అరుపు మందు కాదు, కింద చెప్తా.

3. మీకు ఏం కావాలో ముందే అనుకోండి

నేను తప్పు చేసింది ఇక్కడే. నాకు చీర మార్చాలా, దుడ్లు వాపసు కావాలా, లేక అమ్మకు సారీ చెప్పించాలా అనేది నాకే తేలలేదు, మూడూ కలిపి అరిచినా కాబట్టి మూడూ రాలేదు. అంగడి మెట్లు ఎక్కకముందు ఒక్కటి అనుకోండి. "చీర మార్చాల, అదే రేటులో వేరేది అయినా సరే." అంతే. ఇంకేమన్నా మాట వస్తే దాన్ని పక్కన పెట్టి మళ్ళీ ఈ మాటకే రావాల.

అట్లని అవమానం మింగి కూర్చోమని కాదు. ముందు సామాను సంగతి తేల్చుకోండి, బిల్లు చేతికొచ్చినాక మాట సంగతి ఎత్తండి. అప్పుడు మీ చెయ్యి కట్టేసి ఉండదు, మీరు అడిగేది వాళ్ళు వింటారు.

4. నోట్లోంచి వచ్చే మాటలు

కోపంలో మాటలు దొరకవు కాబట్టి కొన్ని ముందే నోట్లో పెట్టుకోండి. నేను వాడేవి ఇవి.

"ఇష్టముంటే తీసుకో లేకుంటే పో" అంటే: "తీసుకుందామనే వచ్చినా అన్నా, ఈ ఒక్క విషయం తేలితే తీసుకుంటా." గొంతు తగ్గించి, కొంచెం ఆగి చెప్పాల. మీరు తగ్గించే కొద్దీ ఎదుటి గొంతు కూడా తగ్గుతుంది, పక్కనున్న జనం కూడా మీ పక్కకు వస్తారు.

"చదువు రాదా", "కళ్ళు లేవా" లాంటివి అంటే: "అన్నా, ఆ మాట వద్దు. నేను మర్యాదగా అడుగుతాండా, మీరూ మర్యాదగా చెప్పండి." ఒక్కసారే. రెండోసారి కూడా అదే మాట అంటే ఇంక అతనితో మాట్లాడేది లేదు, "ఓనర్ గారు యాడ ఉన్నారు?" అని అడగండి.

"నువ్వు"లోంచి "నీవెంత" దాకా దిగితే మీరు మాత్రం "మీరు" వదలొద్దు. ఇది వాళ్ళ కోసం కాదు, ఆ తర్వాత ఓనర్ వచ్చి "ఏం జరిగింది" అంటే పదిమంది చూసినోళ్ళు చెప్పేది మీరు ఎట్ల మాట్లాడినారనే.

పెద్దాయన అయితే "పెద్దాయనా", మీకంటే చిన్నోడైతే "తమ్ముడూ", ఆడమనిషైతే "అక్కా" లేకుంటే "అమ్మా". మన సీమలో వరుస పెట్టి పిలిస్తే సగం వేడి దిగుతుంది. "ఏయ్", "ఓయ్", చిటికె వేసి పిలవడం మాత్రం చేయొద్దు, చానా సార్లు వాళ్ళ విసుగు అక్కడ్నుంచే మొదలవుతుంది.

5. ఓనర్ దగ్గరికి పోయేటప్పుడు

నేను రెండోసారి పోయినప్పుడు ఆయనతో చెప్పింది దాదాపు ఇంతే: "నమస్తే అండీ, సోమవారం మీ దగ్గర ఈ చీర తీసినాము, ఇదీ బిల్లు. ఇంటికి పోయి విప్పితే ఇట్ల ఉంది, అదే రాత్రి తీసిన ఫోటో ఇది, ఒక్కసారి కూడా కట్టుకోలేదు. వేరే చీర ఇప్పించండి." ఆయన చీర తీసుకొని ట్యూబ్ లైటు కింద పట్టుకున్నాడు, చీలిక దగ్గర బొటనవేలితో రుద్ది చూసి, "ఇది మగ్గం మీద వచ్చిందే" అని ఆయనే అన్నాడు. మొదటిసారి పోయినప్పుడు కౌంటర్లో ఉన్నాయన చీర చేతిలోకి కూడా తీసుకోలేదు.

వేరే చీర ప్యాక్ అయినాక అప్పుడు అమ్మ సంగతి చెప్పినా. "మీ వాళ్ళు మా అమ్మను చదువు రాదా అన్నారండీ, ఆమె రెండు రోజులు బాధపడింది." ఆయన ఆ మనిషిని పిలిపించినాడు. అతను "పండగ బిజీలో అనేసినా, తప్పే" అన్నాడు. అమ్మ పక్కన లేదు కాబట్టి ఫోన్ కలిపి ఇచ్చినా, ఆమెకే చెప్పినాడు. ఆమె "సరేలే నాయనా" అనింది.

చిన్న అంగడైతే ఓనర్, పెద్ద మాల్ అయితే ఫ్లోర్ మేనేజర్, ఆయన కాదంటే స్టోర్ మేనేజర్. మాల్లో అయితే నోటిమాట కాకుండా కంప్లైంట్ రాసివ్వండి, లేకుంటే ఈమెయిల్ పెట్టండి, రాతలో ఉన్నదానికి వాళ్ళ పైవాళ్ళు జవాబు అడుగుతారు. పేరు, టైము, బిల్లు నెంబరు, ఏం జరిగింది, మీకేం కావాల, ఐదు లైన్లు చాలు.

వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే విషయం చెప్పాల. సామాను వీడియో తీయండి, రేటు చీటీ తీయండి, చిరిగిన చోటు తీయండి. మనిషి మొహం మీద ఫోన్ పెట్టి తీసి ఊరంతా పంచడం నాకు ఇష్టం లేదు. 9 వేల జీతానికి పనిచేసే పిల్లోడి మొహం ఊరంతా తిరిగితే అతని ఉద్యోగం పోతుంది, ఓనర్‌కు ఏమీ కాదు.

6. మీ హక్కు ఏందో, ఏది కాదో

చానా గొడవలు హక్కు లేని చోట పట్టుబట్టడం వల్ల, హక్కున్న చోట వెనక్కి తగ్గడం వల్ల వస్తాయి.

రంగు నచ్చలేదు, ఇంట్లోవాళ్ళు వద్దన్నారు, సైజు తప్పు చెప్పినాము అంటే మార్చమని చట్టం బలవంతం చేయదు, అది అంగడి మర్యాద మీద ఆధారపడుతుంది. అక్కడ బతిమాలి అడగాల, గట్టిగా అడిగితే "మార్చము" అనే హక్కు వాళ్ళకు ఉంది. కానీ సామానులో లోపం ఉంటే సంగతి వేరు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చేసుకున్నంత మాత్రాన లోపమున్న సరుకు నుంచి తప్పించుకోలేరు. బిల్లులో ఇన్ని రోజులని గడువు రాసుంటే ఆ లోపల, ఏమీ రాయకుంటే 30 రోజుల లోపల లోపమున్న సరుకు వాపసు తీసుకోము, దుడ్లు ఇవ్వము అనడం 2019 చట్టం ప్రకారం అన్యాయపు వ్యాపార పద్ధతే. ఆ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది.

ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా తప్పే. బస్టాండ్ల దగ్గర 20 రూపాయల నీళ్ళ బాటిల్ 25కి ఇస్తారు, అడిగితే "కూలింగ్ ఛార్జీ, ఇష్టముంటే తీసుకో" అంటారు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, కూలింగ్ పేరుతో పైన వేసే హక్కు ఏ అంగడికీ లేదు. ఇది తూనికలు కొలతల శాఖ చూసే పని. కూరగాయలు, బంగారం, స్వీట్లు ఏదైనా సరే కాటా మీద ఆ శాఖ ముద్ర ఉండాల, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా మళ్ళీ వేయించుకోవాల, చూపించమంటే చూపించాల.

కౌంటర్ దగ్గర మొబైల్ నెంబరు చెప్తే గానీ బిల్లు రాదంటే వినొద్దు. నెంబరు కోసం బలవంతం చేయొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మే నెలలోనే వ్యాపారులకు చెప్పింది. "నెంబరు లేకుండా బిల్లు కొట్టండి" అని చెప్పి నిలబడితే బిల్లు ఇస్తారు. క్యారీ బ్యాగ్ కూడా అంతే, ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర బ్యాగుకు దుడ్లు వేయడం అన్యాయపు పద్ధతని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో తేల్చింది.

బంగారం గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే మా జిల్లాలో పెళ్ళి అంటే ప్రొద్దుటూరు పోవాల్సిందే. అక్కడ మంచి అంగళ్ళు చానా ఉన్నాయి, తరాల నుంచి నమ్మకంగా చేసేవాళ్ళు ఉన్నారు. కానీ యాడైనా సరే తరుగు ఎంత, మజూరీ ఎంత, రాళ్ళ బరువు తీసేసినారా అని అడిగితే "నమ్మకం లేకుంటే వేరే అంగడికి పోండి" అనే మాట ఒకటి వస్తుంది. ఆ మాటకు పౌరుషపడి లేచి పోవద్దు, సిగ్గుపడి గమ్మునుండొద్దు. "నమ్మకం ఉండబట్టే వచ్చినాము పెద్దాయనా, బిల్లులో విడివిడిగా రాసివ్వండి చాలు" అనండి. హాల్‌మార్క్ (బంగారం స్వచ్ఛతకు వేసే ముద్ర) ఉన్న నగ మీద హెచ్‌యూఐడీ అని ఆరు అక్షరాల, అంకెల కోడ్ ఉంటుంది, భూతద్దం వాళ్ళ దగ్గరే ఉంటుంది, అడిగి చూసి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ ఏ రకందో, ఎన్ని క్యారెట్లో, ఎవరు హాల్‌మార్క్ వేసినారో వస్తుంది. ఇది అనుమానం కాదు, లక్షల పని.

7. ఆన్‌లైన్, కస్టమర్ కేర్ వాళ్ళతో

ఫోన్లో విసుక్కునేవాళ్ళు వేరే రకం. మొదట పేరు, కంప్లైంట్ నెంబరు అడిగి రాసుకోండి, పేరు రాసుకుంటాండారని తెలిస్తే మాట దానంతట అదే మారుతుంది. "లైన్లో ఉండండి" అని కట్ చేస్తే టైము రాసుకొని మళ్ళీ చేయండి. చాట్ ఉంటే ఫోన్ కంటే అదే మేలు, స్క్రీన్‌షాట్ ఉంటుంది. వాళ్ళతో కాకుంటే ఆ సైట్‌లోనే గ్రీవెన్స్ ఆఫీసర్ (కంప్లైంట్లు చూసే అధికారి) పేరు, ఈమెయిల్ ఉంటాయి, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో మీ కంప్లైంట్ అందిందని చెప్పాల, నెల లోపల తేల్చాల. అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, కిందికి జరిపి వెతకండి. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయండి.

8. ఎక్కడా తేలకుంటే

1915. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, తెలుగులో మాట్లాడొచ్చు. వాట్సాప్‌లో అయితే 8800001915. బిల్లు, ఫోటోలు ఇస్తే కంప్లైంట్ నెంబరు ఇస్తారు, కంపెనీకి పంపించి జవాబు అడుగుతారు. పెద్ద కంపెనీలైతే దీంతోనే కదులుతాయి, ఊర్లో చిన్న అంగడైతే అంత తొందరగా కదలదు, అది కూడా తెలుసుకోండి. ఇంకొకటి, "నన్ను కసురుకున్నారు" అని మాత్రమే చెప్తే వాళ్ళు చేయగలిగేది తక్కువ. సరుకులో లోపం, ఎక్కువ రేటు, బిల్లు ఇవ్వకపోవడం, సర్వీసు చేయకపోవడం, వీటిని ముందు పెట్టి, మాట్లాడిన తీరు దాని వెంట చెప్పండి.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కడపలో ఉంది, కర్నూలు, అనంతపురంలో కూడా ఉన్నాయి. మీరు కట్టిన దుడ్లు 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్ చూస్తుంది, 5 లక్షల దాకా ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కొన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఈ సంగతి చానా మందికి తెలియదు. గొడవ జరిగిన నాటి నుంచి 2 ఏళ్ళలోపల వేయాల. వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే వేసుకోవచ్చు. ముందుగా అంగడికి స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి, 15 రోజుల్లో తేల్చమని, చానా సార్లు ఆ కవరుతోనే ఫోన్ వస్తుంది. చట్టంలో 3 నెలల్లో తేల్చాలని ఉంది కానీ వాయిదాలు పడి ఎక్కువే పడుతుంది, 300 రూపాయల చెప్పుల కోసం అంత తిరగాల్నా అనేది మీరు ఆలోచించుకోండి. నేనైతే 300కి తిరగను, మిక్సీకి, ఫ్రిజ్‌కి తిరుగుతా.

9. మాట్లాడకుండా బయటికి వచ్చేయాల్సిన సందర్భాలు

చెయ్యి పట్టుకున్నా, దోవకు అడ్డం నిలబడినా, బ్యాగు లాక్కున్నా, ఆడవాళ్ళతో అసభ్యంగా మాట్లాడినా అది ఇంక అంగడి గొడవ కాదు, 112కి ఫోన్ చేయండి. కులం పేరు పెట్టి తిట్టినా అంతే. అక్కడ మర్యాద, వరుసలు, నెమ్మదితనం ఏవీ అవసరం లేదు. సాక్షిగా పక్కనున్న ఒక్కరి ఫోన్ నెంబరు తీసుకొని బయటికి రండి.

10. మీ ఇంట్లో పెద్దోళ్ళు ఒక్కరే పోతాంటే

వీళ్ళకే ఎక్కువ అవమానం జరిగేది, వీళ్ళే ఇంటికొచ్చి చెప్పరు. మా అమ్మ కూడా నేను లేకుంటే ఆ చిరిగిన చీర బీరువాలో పెట్టేసి ఉండేది. ఇప్పుడు ఆమెకు రెండే మాటలు నేర్పినా: "విప్పి చూపించు నాయనా", "బిల్లు ఇయ్యి నాయనా". ఆమె పర్సులో ఒక అట్ట ముక్క మీద నా నెంబరు, దాని కింద 1915 పెద్ద అంకెల్లో రాసిపెట్టినా. ఎవరన్నా కసురుకుంటే వాదించొద్దు, అట్ట తీసి "మా అబ్బాయికి ఫోన్ కలుపు" అని వాళ్ళకే ఇయ్యమని చెప్పినా. మీ ఇంట్లో వాళ్ళకూ ఒకటి రాసిపెట్టండి, బాల్ పెన్నుతో వద్దు, స్కెచ్ పెన్నుతో, కళ్ళద్దాలు లేకున్నా కనపడేటట్టు.